జనరేటర్ మునగలేదు

(సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం చెన్నై టి.నగర్‌లో తెలుగువాళ్ళ నెలవారీ కలయికలో ఒక రిటైర్డ్ ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వినబడుతోందా? వెనకాల కూర్చున్నవాళ్ళకి? సరే.

ఏ విషయం మీద మాట్లాడతారని ఫోన్ చేసి అడిగారు. "పనులు చెడిపోతే ఏం చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం గురించి" అన్నాను. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెల్లగా, "అయ్యా, పండగలు వస్తున్నాయి కదా, కాస్త మంచి విషయం ఏదైనా..." అన్నారు. (నవ్వులు) ఆయన తప్పేం లేదు. మన ఇళ్ళలో పెంపకమే అంత. "నాన్నా, రేపు నీకేమైనా అయితే ఆ పాలసీ కాగితాలు..." అని నోరు తెరవగానే అమ్మ వచ్చి నోరు మూస్తుంది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, వింటే తథాస్తు అనేస్తారట. శుభం పలకరా మంకెన్నా అంటే... మిగతా సామెత మీకు తెలుసు, పిల్లలున్నారు, వదిలేద్దాం.

మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లెటూరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఈ ఊళ్ళో కరెంటు పని చేశాను, అందులో చివరి పద్దెనిమిదేళ్ళు ఒక ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో. తథాస్తు దేవతలకి భయపడేవాడికి మా పనిలో జీతం ఇవ్వరు. ఏది ఎప్పుడు పోతుందా అని ఆలోచించడానికే మాకు జీతం. అలా జీతం తీసుకుని కూడా నేను సరిగ్గా ఆలోచించని రోజు ఒకటుంది. అది చెప్తాను.

2015. చెన్నైలో ఉన్నవాళ్ళకి నెల చెప్పనక్కర్లేదు. ఆసుపత్రి పేరు వద్దు. నలభై పడకలది, అడయారు నదికి మరీ దూరం కాదు. అంతకు రెండేళ్ళ ముందే నేను పోట్లాడి జనరేటర్‌ని నేల మీద నుంచి లేపించి నాలుగడుగుల కాంక్రీటు దిమ్మ మీద పెట్టించాను. ఖర్చు దేనికన్నారు. వీధిలో నీళ్ళు నిలబడితే ఎలా అన్నాను. చివరికి ఒప్పుకున్నారు. దిమ్మ పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాను, పెళ్ళి ఫోటోలాగా.

డిసెంబరు 1న ఆ వాన. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు, నుంగంబాక్కంలో 29. చెంబరంబాక్కం చెరువు నుంచి అడయారులోకి 29,000 క్యూసెక్కులు వదిలారు. ఆ నీళ్ళు ఎవరి వల్ల వచ్చాయన్న తగాదాలోకి ఇప్పుడు నేను వెళ్ళను, అది ఇంకో సాయంత్రం పడుతుంది. రాత్రి పదిన్నరకి కరెంటు ఆపేశారు. ఆపడమే రైటు, నీళ్ళలో కరెంటు ఉంటే జనం చచ్చిపోతారు. పది సెకన్లలో మా జనరేటర్ అందుకుంది. అర్ధరాత్రికి ఆవరణలో రెండున్నర అడుగుల నీళ్ళు. నేను దిమ్మ మీద నిలబడి టార్చి వేసి చూశాను. జనరేటర్‌కి చుక్క తడి లేదు. ఆ క్షణంలో నాకున్న గర్వం... సరే, అది పొద్దున నాలుగున్నర దాకా ఉంది.

నాలుగున్నరకి ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. జనరేటర్ పక్కన ఒక చిన్న ట్యాంకు ఉంటుంది, డే ట్యాంక్ అంటాం. మాది 150 లీటర్లది. గంటకి పాతిక లీటర్ల లెక్కన ఆరు గంటలు. ఆ ట్యాంకు తగ్గుతుంటే కింద నుంచి ఒక పంపు డీజిల్ని పైకి తోస్తుంది. కింద అంటే ఎక్కడ? సెల్లార్‌లో. సెల్లార్‌లో అప్పటికి కప్పు దాకా నీళ్ళు. పంపు అందులో. ఐదు డీజిల్ పీపాలు అందులో. పీపా నుంచి డీజిల్ తోడే చేతి పంపు కూడా అందులోనే.

ఇంజన్ ఆగిపోయింది. ఆగిన చప్పుడు ఎలా ఉంటుందో ఆసుపత్రిలో పనిచేసినవాళ్ళకి తెలుసు. అప్పటిదాకా అది నడుస్తోందన్న సంగతే గుర్తుండదు.

ఐసీయూలో ఇద్దరు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఆ మెషీన్లకి సొంత బ్యాటరీ ఉంటుంది. ఒకటి బాగానే నిలబడింది. రెండోది పాతది, ఇరవై నిమిషాలకే చేతులెత్తేసింది. ఒక మలయాళీ నర్సమ్మాయి ఆంబూ బ్యాగు, అంటే ఊపిరి అందించే రబ్బరు సంచీ, పట్టుకుని చేత్తో నొక్కడం మొదలుపెట్టింది. నిమిషానికి పన్నెండుసార్లు, పైకి లెక్కపెడుతూ. ఆ చీకట్లో మెట్ల దగ్గరికి కూడా ఆ లెక్క వినబడుతోంది. పన్నెండు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటి.

మమ్మల్ని కాపాడింది ఏమిటంటే, డీజిల్ నీళ్ళకన్నా తేలిక. మూత బిగించిన 200 లీటర్ల ఇనప పీపా, పీపా బరువు కలుపుకున్నా, నీళ్ళలో తేలుతుంది. నాలుగు పీపాలు సెల్లార్ కప్పుకి ఆనుకుని ఉండిపోయాయి. ఐదోది ర్యాంపు దారిలోంచి బయటికి వచ్చేసి ఆవరణలో మొసలి వీపులా తిరుగుతోంది. వార్డ్ బాయ్ ఒకతను నడుం లోతు నీళ్ళలోకి దిగి దానికి దుప్పటి చుట్టి లాక్కొచ్చాడు. నలుగురం కలిసి దిమ్మ మెట్ల మీదకి దొర్లించి నిలబెట్టాం. మూత విప్పి, గొట్టంతో బకెట్‌లోకి, బకెట్‌తో ట్యాంకులోకి.

అంతటితో అయిపోలేదు. డీజిల్ అయిపోయి ఆగిన ఇంజన్ మళ్ళీ డీజిల్ పోయగానే స్టార్ట్ కాదు, పైపుల్లో గాలి పట్టేస్తుంది. ఫిల్టర్ మీద నట్టు వదులు చేసి, ఇంజన్‌కుండే చిన్న చేతి పంపు కొడుతూ ఉండాలి, బుడగలు పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా. టార్చి నోట్లో పెట్టుకుని కొట్టాను. మొత్తం నలభై నిమిషాలు. మధ్యాహ్నం పడవలు వచ్చి ఆ ఇద్దరినీ వేరే ఆసుపత్రికి చేర్చాయి. ఇద్దరూ బతికారు.

మూడో రోజు ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ మంచినీళ్ళు ఇచ్చి అడిగింది: "మరి అంత ఎత్తు మీద పెట్టించానన్నారుగా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ ఇన్నేళ్ళు గడిచాయి. జనరేటర్ మునిగితే ఎలా అని ఆలోచించాను, నిజమే. నీళ్ళు వస్తే ఏమేం మునుగుతాయి అని ఆలోచించలేదు. ఈ రెండూ ఒకటే ప్రశ్నలా వినబడతాయి. కావు.

రిటైరయ్యాక చదువుకోవడానికి తీరిక దొరికింది. 2011లో జపాన్‌లో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం సంగతి మీకు తెలుసు. సునామీ వచ్చి జనరేటర్లు మునిగాయని అందరూ అంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. అక్కడ 2వ యూనిట్‌కి, 4వ యూనిట్‌కి గాలితో చల్లబడే జనరేటర్లు ఒక్కొక్కటి వేరే భవనంలో ఉన్నాయి. అవి మునగలేదు! వాటి నుంచి కరెంటు పంచే స్విచ్ ప్యానెళ్ళు సెల్లార్‌లో ఉన్నాయి, అవి మునిగాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా దిమ్మ, నా పంపు. మహామహా ఇంజనీర్లు కూడా నేను చేసిన పనే చేశారన్నమాట. కొంచెం ఊరట, కొంచెం భయం. అదే కేంద్రంలో 6వ యూనిట్‌కి చెందిన ఒక్క జనరేటర్, గాలితో చల్లబడేది, కాస్త ఎత్తున ఉన్నది, ప్యానెల్‌తో సహా మిగిలింది. దాని కరెంటుతోనే 5, 6 యూనిట్లు రెండూ బతికాయి.

ఒనగావా అని ఇంకో కేంద్రం ఉంది, ఆ సునామీని లేపిన భూకంపానికి ఫుకుషిమా కన్నా దగ్గర. అది కట్టేటప్పుడు హిరాయ్ యానోసుకే అనే ఇంజనీరు, ఎప్పుడో 869లో వచ్చిన సునామీని గుర్తుపెట్టుకుని, సముద్రమట్టానికి 14.8 మీటర్ల ఎత్తున కట్టాలని పట్టుబట్టాడు. అంత ఎత్తు అక్కర్లేదన్నారు మిగతావాళ్ళు. నాతో అన్నట్టే. 2011లో భూకంపానికి నేల ఒక మీటరు కుంగింది, సుమారు 13 మీటర్ల అల వచ్చింది. చాలీచాలకుండా చాలింది. నాకు ఎత్తు కన్నా నచ్చింది ఇంకోటి. సునామీకి ముందు ఒక్కోసారి సముద్రం వెనక్కి పోతుంది కదా, అప్పుడు రియాక్టర్‌ని చల్లార్చే పంపులకి నీళ్ళు అందవు. అది కూడా ఊహించి, కడలి వెనక్కి తగ్గినా కాలువలో కొన్ని నీళ్ళు నిలిచేలా కట్టించాడు. అల వస్తే ఏమవుతుందో ఆలోచించేవాళ్ళు చాలామంది ఉంటారు. అలకి ముందు ఏమవుతుందో కూడా ఆలోచించాడు చూడండి, ఆయనకి దణ్ణం పెట్టాలి. 2011 నాటికి ఆయన లేరు.

మన పక్కనే కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రం ఉంది. 2004 డిసెంబరు 26న సునామీకి అక్కడా సముద్రం పంపు హౌస్‌లోకి వచ్చింది. నడుస్తున్న యూనిట్‌ని క్షేమంగా ఆపేశారు. ఏమీ కాలేదు కాబట్టి ఎవరూ చెప్పుకోరు. మెయింటెనెన్స్‌వాడి బతుకు అంతే. ఏమీ కాకపోవడమే మా పని, ఏమీ కాకపోతే ఇతనేం చేస్తున్నాడని అడుగుతారు. (నవ్వులు)

సరే, అణువిద్యుత్తు వదిలేయండి, ఇంట్లోకి వద్దాం. ఇక్కడ ఎంతమందికి స్కూటర్ ఉంది? స్పేర్ తాళం చెవి ఎక్కడుంది? అదే రింగుకి ఉన్నవాళ్ళు చేతులెత్తండి. (నవ్వులు) ఎత్తండి, ఫర్వాలేదు. ఒకటి, రెండు... అయ్యా మీరు కూడానా! మీ దగ్గర రెండు తాళం చెవులు లేవు. పోతే రెండూ కలిసి పోయే ఒకటే ఉంది.

మా నాయనమ్మకి ఈ సంగతి తెలుసు. ఎండాకాలంలో ఆవకాయ పెడితే పెద్ద జాడీలోకి ఎత్తి, మూతికి గుడ్డ వాసెన కట్టి, అటక మీద పెట్టేది. రోజూ వాడుకునేది ఒక చిన్న జాడీ. నెలకోసారి స్నానం చేసి, పొడి గరిటెతో, పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి తీసేది. మేము పిల్లలం తడిచేత్తో ముట్టుకుంటే చిన్న జాడీకి బూజు పట్టేది, తన్నులు తినేవాళ్ళం, పెద్ద జాడీ మాత్రం క్షేమం. ఒకే జాడీని రెండు చేసి పక్కపక్కన వంటింట్లో పెట్టి ఉంటే? మా చేతులు రెండిట్లోనూ పడేవి. దాన్ని అటక మీద ఎందుకు పెట్టిందంటే, మా చేతికి అందకూడదని. ఏ చేతి తడి ఇక్కడ ప్రమాదమో ఆ చెయ్యి అక్కడికి చేరకూడదు. నాకు డిప్లొమాలో మూడేళ్ళు ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఈ జాడీల లెక్కతో మన ఊరి నీళ్ళు చూడండి. చెన్నైకి ముఖ్యంగా నాలుగు చెరువులు: పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం. ఒకటి ఎండితే ఇంకోటి ఉందిలే అనిపిస్తుంది. నాలుగూ ఒకే ఈశాన్య రుతుపవనాల మీద బతుకుతాయి. ఆ వాన రాకపోతే నాలుగూ కలిసే ఎండుతాయి. 2019 జూన్‌లో అదే జరిగింది. జూలైలో జోలార్‌పేట నుంచి 50 ట్యాంకుల రైలు, 25 లక్షల లీటర్లతో, విల్లివాక్కం వచ్చింది. మేళతాళాలు ఒక్కటే తక్కువ.

మరి తెలుగు గంగ? 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్నారు, 1996లో కృష్ణ నీళ్ళు పూండికి చేరాయి. ఏటా మనకి 12 టీఎంసీలు అందాలని ఒప్పందం. మనం తెలుగువాళ్ళం కాబట్టి గొప్ప చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నాకు మాత్రం దాని అసలు గొప్పతనం వేరే చోట కనబడుతుంది. కృష్ణ పుట్టేది మహాబలేశ్వరంలో. దాన్ని నింపేది నైరుతి వాన, జూన్‌లో మొదలయ్యేది. మన చెరువులకి అక్టోబరులో మొదలయ్యే ఈశాన్యం. మబ్బు వేరు, నెల వేరు, కొండ వేరు. అది నిజంగా అటక మీది జాడీ. 2019 ఎండాకాలంలో ఆ జాడీ కూడా ఖాళీగానే వచ్చింది, పైన వాళ్ళకే చాలలేదు. అప్పుడు ఆదుకున్నవాటిలో మీంజూరు, నెమ్మేలి ప్లాంట్లు ఉన్నాయి, ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసేవి. సముద్రానికి ఏ మబ్బుతోనూ పని లేదు. కరెంటు తింటుంది, ఖర్చెక్కువ, అవన్నీ నిజమే. ఖర్చు గురించి తిట్టేటప్పుడు ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇంకో చిన్న విషయం. 2016లో వర్దా తుపాను. డిసెంబరు 12. నోట్ల రద్దు జరిగి ఐదు వారాలు. చేతిలో నోట్లు లేక అందరం కార్డులకి, ఫోన్లకి మారాం. మా అబ్బాయి నా ఫోన్‌లో ఏదో యాప్ వేసి, "నాన్నా, ఇంక ఏటీఎం లైన్లో నిలబడక్కర్లేదు" అన్నాడు. తుపానుకి చెట్లు పడ్డాయి, కరెంటు పోయింది, కాసేపటికి సిగ్నల్ పోయింది. బ్యాంకులో డబ్బుంది, కార్డుంది, ఫోనుంది, పాల ప్యాకెట్ కొనలేను. మా వీధిలో అన్నాచ్చి కొట్టు ఒకటి ఉంది. ఆయన గల్లాపెట్టె పక్కన పొడుగాటి నోటుపుస్తకం తీసి, "సార్, రాసుకుంటాను, తీసుకెళ్ళండి" అన్నాడు. నాలుగు రోజులు ఆ వీధంతా ఆ నోటుపుస్తకం మీద నడిచింది. ఇప్పుడు ఇంకా ముదిరింది: బ్యాంకు, గ్యాసు, ఓటీపీ, ఇన్సూరెన్సు, పిల్లల నంబర్లు అన్నీ ఒకే ఫోన్‌లో. మీ ఆవిడ నంబరు నోటికి వచ్చా? పరీక్ష పెట్టను, ఇళ్ళకి వెళ్ళాక గొడవలవుతాయి. (నవ్వులు) నేను ఆరు నంబర్లు కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అతికించాను, మా అబ్బాయి నవ్వాడు, నవ్వనీయండి.

వేళచ్చేరి వాళ్ళు ఉన్నారా? ఉంటారు. 2023లో మిచౌంగ్ తుపానుకి కార్లు తేలుతూ పోవడం టీవీలో అందరం చూశాం. మన ఊరిని ముంచి వెళ్ళి బాపట్ల దగ్గర తీరం దాటింది అది. మరుసటి ఏడు అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే, చినుకు పడకముందే, కార్లన్నీ వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా. జనం జోకులు వేశారు. నాకు మాత్రం ముచ్చటేసింది. నలభై కోట్ల ప్రాజెక్టు కాదు, కమిటీ కాదు. నీళ్ళు కిందకి పోతాయి, కారు పైన పెట్టు. హిరాయ్ గారు చూస్తే సంతోషించేవారు.

టైమైందని చీటీ పంపారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పండమ్మా.

(ఒక మహిళ: మా అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఎత్తు మీదే ఉందండీ. మీరు చెప్పాక ఆలోచిస్తే ప్యానెల్ కూడా పైనే ఉంది, డీజిల్ కూడా.)

బాగుంది. మరి దాన్ని ఆన్ చేసేది ఎవరు?

(మహిళ: ఆటోమేటిక్ కాదండీ. వాచ్‌మన్ చేస్తాడు.)

అతను కాక ఇంకెవరికి వచ్చు?

(మహిళ: ఎవరికీ రాదు.)

అతను సెలవు పెట్టేది ఎప్పుడు?

(మహిళ: దీపావళికి ఊరెళ్తాడండీ, ఒడిశా. పది పదిహేను రోజులు. నవంబరులోనే వస్తాడు మళ్ళీ.) (నవ్వులు)

మీ ఇల్లు ఎక్కడమ్మా? మడిపాక్కమా? నాకు దారే. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి వస్తాను. ఇద్దరు ముగ్గుర్ని పోగు చేసి పెట్టండి, మీరు కూడా ఉండాలి. పాత చీర కట్టుకోండి, డీజిల్ మరక పోదు.